సైన్స్ పేపర్లు ఫ్రీగా చదవాలంటే ఏది పనికొస్తాది: పబ్‌మెడ్ సెంట్రల్, అన్‌పేవాల్, వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్, కాశీబుగ్గ నుంచి నా రివ్యూ

కాశీబుగ్గలో ఒక డయాగ్నొస్టిక్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేస్తున్నాను, తొమ్మిదేళ్ళు దాటింది. మా దగ్గరికి వచ్చే శాంపిల్స్‌లో చాలా వరకు క్రియాటినిన్‌వే (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చూసే రక్త పరీక్ష), కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు నుంచి పొద్దున్నే మొదటి బస్సుకి వచ్చేస్తారు జనం, దీనికి పరగడుపున రానక్కర్లేదండీ అని ఎన్నిసార్లు చెప్పినా టీ చుక్క కూడా తాగకుండా వచ్చి బల్ల మీద కూర్చుంటారు. ఉద్దానంలో, అంటే శ్రీకాకుళం జిల్లాలో మా ఈ తీరం వైపు ఊళ్ళలో, కిడ్నీ జబ్బు గురించి మన జిల్లా వాళ్ళకి కొత్తగా చెప్పేది ఏటీ లేదు. మా మావయ్యకి కూడా ఉంది, మా అమ్మ తమ్ముడు, కవిటి దగ్గర కొబ్బరి తోట, కొంచెం జీడి తోట.

పోయిన వేసవిలో ఆయన ఇంటికి ఒకాయన వాటర్ ఫిల్టర్ మిషన్ అమ్మడానికి వచ్చాడు. ధర 22 వేలు. చేతిలో లామినేషన్ చేసిన కాయితం ఒకటి పట్టుకొచ్చాడు, దాని మీద ఇంగ్లీషులో ఒక సైన్స్ పేపర్ అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ మొదట్లో ఉండే సారాంశం) ఉంది, ఫారిన్‌లో రీసెర్చ్ చేసి తేల్చేసారు, నీళ్ళే కారణం, ఈ మిషన్ పెట్టుకుంటే మీ క్రియాటినిన్ దిగిపోతుంది అని చెప్పాడట. మావయ్య ఆ కాయితం ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టి వెంటనే ఫోన్ చేసాడు. "ఒరే అల్లుడూ, నువ్వు ల్యాబులోనే ఉంటావు గదా, ఇది నిజమో కాదో సదివి సెప్పు, జీడిపిక్కల డబ్బులు సేతికొచ్చినాయి, కొంటే ఇప్పుడే కొనాల" అన్నాడు.

అబ్‌స్ట్రాక్ట్ చదివాను, పది లైన్లు. అందులో నీళ్ళకీ జబ్బుకీ సంబంధం కనిపించింది అని ఒక వాక్యం ఉంది కానీ ఏ నీళ్ళు, ఎన్ని ఊళ్ళు, ఎంతమంది, ఎలా కొలిచారు అన్నది ఏదీ లేదు. పూర్తి పేపర్ చూద్దామని పేరు కొట్టి ఆ జర్నల్ సైట్‌కి వెళ్తే అక్కడ తాళం బొమ్మ, ఒక్క పేపర్ చదవడానికి 35 డాలర్లు పైన, మన డబ్బుల్లో సుమారు మూడు వేలు. అది కూడా ఒక్క పేపర్‌కి, చదివాక పనికొస్తుందో లేదో తెలీని దానికి. ఆ రోజు రాత్రి కట్టలేదు, మావయ్యకి మాత్రం రెండు రోజులు ఆగు మావా అని చెప్పాను. ఆ రెండు రోజుల్లో మొదలైంది ఇదంతా, ఇప్పటికి చాలా నెలలుగా ఈ సర్వీసులు వాడుతున్నాను కాబట్టి ఏది ఎలా ఉందో వివరంగా రాస్తున్నాను, మన ఏరియాలో ల్యాబ్ వాళ్ళు, నర్సులు, ఫార్మసీ వాళ్ళు, లెక్చరర్లు, ఇంట్లో పేషెంట్ ఉన్నవాళ్ళు ఎవరికైనా ఉపయోగపడుతుంది.

ముందుగా పబ్‌మెడ్‌కీ పబ్‌మెడ్ సెంట్రల్‌కీ తేడా చెప్పాలి, ఎందుకంటే నేను కూడా చాలాకాలం రెండూ ఒకటే అనుకున్నాను. పబ్‌మెడ్ అంటే లైబ్రరీలో కేటలాగ్ లాంటిది, వైద్యానికి సంబంధించిన మూడున్నర కోట్లకు పైగా పేపర్ల పేర్లు, రచయితలు, చాలావాటికి అబ్‌స్ట్రాక్ట్‌లు ఉంటాయి, అంతే, పేపర్ ఉండదు. పబ్‌మెడ్ సెంట్రల్, అందరూ పీఎంసీ అంటారు, అది పుస్తకాలున్న గది. అక్కడ పేపర్ మొత్తం మొదటి నుంచి చివరి దాకా, పట్టికలు, బొమ్మలు, రిఫరెన్సులు అన్నీ ఉంటాయి. రెండిటినీ నడిపేది అమెరికా ప్రభుత్వం నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్. పీఎంసీ 2000 ఫిబ్రవరిలో మొదలైంది, దీని వెనకాల నోబెల్ వచ్చిన హెరాల్డ్ వార్మస్ అనే సైంటిస్టు ఉన్నాడు, అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థకి డైరెక్టర్‌గా ఉన్నప్పుడు, జనం పన్నుల డబ్బుతో చేసిన రీసెర్చ్ జనానికి అందాలి అని 1999లోనే ప్రతిపాదన పెట్టాడు, జర్నళ్ళ వాళ్ళు చాలామంది ఒప్పుకోలేదు. అయినా మొదలుపెట్టారు. తర్వాత 2008లో నియమం వచ్చింది, ఆ సంస్థ డబ్బుతో చేసిన ఏ పేపరైనా ఏడాదిలోపు పీఎంసీలో అందరికీ తెరవాలని. ఆ ఏడాది గడువు కూడా 2025 జూలై 1 నుంచి తీసేసారు, జర్నల్‌లో వచ్చిన రోజే ఇక్కడ కూడా రావాలి. అమెరికా వాళ్ళ పన్నుల డబ్బుతో కట్టిన ఈ గదిలోకి కాశీబుగ్గలో కూర్చున్న నేను లాగిన్ లేకుండా, ఫోన్ నంబర్ ఇవ్వకుండా, పైసా కట్టకుండా వెళ్ళి కూర్చుంటున్నాను, వాళ్ళకి నిజంగా దండం పెట్టాలి.

ఇప్పుడు వాడకం. పబ్‌మెడ్‌లో ఉద్దానం అని ఇంగ్లీషులో కొట్టండి, ఎడమ పక్కన ఫ్రీ ఫుల్ టెక్స్ట్ అని ఒక టిక్ బాక్స్ ఉంటుంది, అది నొక్కితే ఫ్రీగా దొరికేవి మాత్రమే మిగులుతాయి. నేను మొదటిసారి అలా నొక్కినప్పుడు వచ్చిన లిస్టు చూసి చాలాసేపు అలాగే ఉండిపోయాను. 2019లో కిడ్నీ డాక్టర్ రవిరాజు గారి బృందం రాసిన పేపర్, 2020లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ వాళ్ళు రాసిన పేపర్, రెండూ కిడ్నీ ఇంటర్నేషనల్ రిపోర్ట్స్ అనే జర్నల్‌లో వచ్చాయి, ఆ జర్నల్ మొదటి నుంచీ తాళం లేనిదే, అందుకని రెండూ పూర్తిగా ఉన్నాయి. 2020 పేపర్ ప్రకారం ఉద్దానంలో పరీక్ష చేసిన పెద్దవాళ్ళలో నూటికి 21 మందికి కిడ్నీ జబ్బు ఉంది, అంటే ఐదుగురిలో ఒకరికి పైనే. ఈ లెక్క న్యూస్ పేపర్లో ముక్కలు ముక్కలుగా చూసి ఉంటారు, కానీ ఆ లెక్క ఎలా వచ్చింది, ఊళ్ళు ఎలా ఎంచుకున్నారు, ఎవరిని వదిలేసారు అన్నది అక్కడ వరసగా రాసి ఉంది. మా ఊళ్ళ వాళ్ళ రక్తం, మూత్రం ఇచ్చి, సూది పొడిపించుకుని, పని మానుకుని లైన్లో నిల్చుంటే వచ్చిన లెక్క అది. అది మేం చదువుకోగలగడం న్యాయం, అంతకన్నా ఏటి కావాలి.

ల్యాబ్ పని చేసేవాళ్ళకి ఇంకో సంగతి చెప్తాను, పూర్తి పేపర్‌కీ అబ్‌స్ట్రాక్ట్‌కీ తేడా ఎక్కడ తెలుస్తుందో. మెథడ్స్ అని ఒక భాగం ఉంటుంది పేపర్లో, డాక్టర్లు కూడా కొందరు అది దాటేసి రిజల్ట్స్‌కి వెళ్ళిపోతారు. నేను ముందు అదే చదువుతాను. క్రియాటినిన్ జాఫే మెథడ్‌లో చేసారా, ఎంజైమాటిక్‌లో (ఎంజైమ్‌లతో కొలిచే పద్ధతి) చేసారా? జాఫే అంటే 1886 నాటి పిక్రేట్ రంగు పద్ధతి, చవక, ఇప్పటికీ చిన్న ల్యాబుల్లో అదే ఎక్కువ, కానీ షుగర్ బాగా ఎక్కువున్నా, కీటోన్లున్నా, కామెర్లున్నా రీడింగ్ అటూ ఇటూ అవుతుంది. జబ్బు ముదిరినవాళ్ళలో ఆ కొంచెం తేడా లెక్కలోకి రాదు, మొదటి దశలో ఉన్నవాళ్ళలో మాత్రం ఆ 0.2, 0.3 తేడాతోనే ఒక మనిషి పేషెంట్ అవుతాడు లేదా కాడు. రెండోది, మూడు నెలల తర్వాత మళ్ళీ టెస్ట్ చేసారా లేదా. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనాలంటే తేడా మూడు నెలలకు పైగా ఉండాలి అని కేడిగో అనే అంతర్జాతీయ కిడ్నీ సంస్థ గైడ్‌లైన్ చెప్తుంది (2024 గైడ్‌లైన్ పూర్తిగా ఫ్రీ, వాళ్ళ సైట్‌లోనే పీడీఎఫ్ ఉంది, ల్యాబ్‌లో ప్రింట్ తీసి పెట్టుకున్నాం). ఎండలో పని చేసి నీళ్ళు సరిగా తాగని మనిషికి ఆ ఒక్క రోజు క్రియాటినిన్ ఎక్కువ రావచ్చు, ఒక్కసారి టెస్ట్‌తో లెక్క వేస్తే సంఖ్య పెరిగిపోతుంది. ఇవన్నీ పది లైన్ల అబ్‌స్ట్రాక్ట్‌లో పట్టవు. పది లైన్లు ఫ్రీగా చూపించి మిగతాది తాళం వేస్తే మా లాంటి వాళ్ళ చేతికి వచ్చేది ఫలితం మాత్రమే, ఆ ఫలితాన్ని ఎంత నమ్మాలో తేల్చుకునే భాగం తాళం వెనక ఉండిపోతుంది.

పీఎంసీ పేజీ ఫోన్‌లో కూడా తేలిగ్గా తెరుచుకుంటుంది, పీడీఎఫ్ దించక్కర్లేదు, పేజీలోనే చదవచ్చు, తీరం వైపు ఊళ్ళలో సిగ్నల్ ఒక గీత ఉన్నా వచ్చేస్తుంది. ఇంగ్లీషు రానివాళ్ళకి బ్రౌజర్‌లో పేజీ మొత్తాన్ని తెలుగులోకి మార్చుకునే సదుపాయం ఉంది కానీ వైద్యం మాటలు ఆ అనువాదం మీద వదిలేయొద్దు, పక్కన ఇంగ్లీషు పెట్టుకునే చూడండి. ఇందులో లేనిది ఏటంటే, పబ్‌మెడ్‌లో పేరున్న ప్రతి పేపరూ ఇక్కడ ఉండదు, పీఎంసీలో ఉన్నవి సుమారు కోటి. అంటే నాలుగిట్లో మూడు వంతులు వేరే చోట వెతుక్కోవాలి.

అక్కడే అన్‌పేవాల్ పని మొదలవుతుంది. 2017లో వచ్చింది ఇది, లాభాపేక్ష లేని ఒక చిన్న సంస్థ నడుపుతుంది. కంప్యూటర్‌లో క్రోమ్ లేదా ఫైర్‌ఫాక్స్‌కి ఎక్స్‌టెన్షన్‌గా పెట్టుకోవాలి, ఒక నిమిషం పని, అకౌంట్ అక్కర్లేదు. తర్వాత ఏ జర్నల్ సైట్‌కి వెళ్ళినా స్క్రీన్ కుడి అంచున చిన్న తాళం బొమ్మ వస్తుంది. ఆకుపచ్చగా ఉంటే ఆ పేపర్ ఎక్కడో ఒక చోట చట్టబద్ధంగా ఫ్రీగా ఉంది అని అర్థం, నొక్కితే అక్కడికే తీసుకెళ్తుంది. బూడిద రంగులో ఉంటే లేదు. అంతే, ఇంకేం లేదు దాంట్లో. ఇది ఎలా సాధ్యం అంటే, చాలా జర్నళ్ళు రచయితలకి ఒక వెసులుబాటు ఇస్తాయి, ప్రింటుకి ముందు ఒప్పుకున్న మాన్యుస్క్రిప్ట్‌ని వాళ్ళ యూనివర్సిటీ సైట్‌లో పెట్టుకోవచ్చని, కొన్నిటికి ఆరు నెలలు, ఏడాది గడువు ఉంటుంది. ఆ కాపీలో జర్నల్ రంగులూ, రెండు కాలమ్స్ డిజైనూ ఉండవు, వర్డ్ ఫైల్‌లా ఉంటుంది, కానీ విషయం అదే, రివ్యూ (వేరే నిపుణులు చదివి తప్పులు చూడడం) అయిన తర్వాతి విషయమే. ప్రపంచం అంతా ఇలా చెల్లాచెదురుగా పడున్న కాపీలన్నిటినీ వెతికి ఒక చోట గుర్తు పెట్టడమే అన్‌పేవాల్ చేసే పని. ఫోన్‌లో క్రోమ్‌కి ఎక్స్‌టెన్షన్లు పనిచెయ్యవు కాబట్టి ఫోన్ వాళ్ళు గూగుల్ స్కాలర్‌లో పేపర్ పేరు కొట్టి, కుడి పక్కన పీడీఎఫ్ లింకు ఉందేమో, కింద ఆల్ వెర్షన్స్ అని ఉంటే అందులో ఏదైనా తెరుచుకుంటుందేమో చూడండి, సగం పని దాంతోనే అయిపోతుంది.

మావయ్య కాయితం మీద పేపర్‌కి నాకు ఆకుపచ్చ తాళమే వచ్చింది. ఒక విదేశీ యూనివర్సిటీ సైట్‌లో రచయిత పెట్టిన కాపీ. మూడు వేలు అడిగిన చోట నుంచి రెండు క్లిక్కుల్లో అక్కడికి చేరాను. రాత్రి పదకొండు దాకా కూర్చుని చదివాను. ఆ నీళ్ళు మన నీళ్ళు కావు, మన దేశం నీళ్ళు కూడా కావు. ఫిల్టర్ అన్న మాట మొదటి నుంచి చివరి దాకా ఎక్కడా లేదు. చివర్లో రచయితలే రాసుకున్నారు, ఇది సంబంధం మాత్రమే, కారణం అని చెప్పలేం, ఇంకా చూడాలి అని. ఆ లామినేషన్ కాయితం మీద ఉన్నది అబద్ధం కాదు, అమ్మేవాడు నోటితో చెప్పిందే అబద్ధం, పూర్తి పేపర్ అందుబాటులో లేనంత కాలం ఆ అబద్ధం పట్టుకోవడం ఎవరివల్లా కాదు. పొద్దున్నే ఫోన్ చేసి "మావా, కొనకు" అని చెప్పాను.

ఆ తర్వాత ఇంకా చదువుతూ పోయాను, శ్రీలంకలో అనురాధపురం వైపు రైతులకి, ఎల్ సాల్వడార్, నికరాగువాలో చెరకు కోసే కూలీలకి మనలాంటి జబ్బే ఉంది, అక్కడివాళ్ళు ఎండలో కష్టం, ఒంట్లో నీరు తగ్గడం మీద ఎక్కువ పని చేసారు. మన దగ్గర నీళ్ళు, పురుగుమందులు, భార లోహాలు, సిలికా, నొప్పుల మాత్రలు, ఎండ ఇలా చాలా అనుమానాలు ఉన్నాయి, ఇదే అని తేలిన కారణం లేదు. వంశధార నీళ్ళు హిరమండలం నుంచి పైపుల్లో వస్తున్నాయి, పలాసలో రీసెర్చ్ సెంటర్‌తో కలిపి 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబర్‌లో తెరిచారు, ఇవన్నీ మంచివే, కానీ వాట్సాప్‌లో మాత్రం ప్రతి వారం ఒకడు కారణం కనిపెట్టేసాం అంటున్నాడు. అలాంటిది వచ్చినప్పుడల్లా ఇప్పుడు నేను చేసేది ఒకటే, పేపర్ పేరేంటి అని అడుగుతాను, చెప్తే వెళ్ళి చదువుతాను.

ఇక వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్, అంటే సంస్థలన్నిటి తరఫున కేంద్రమే జర్నళ్ళకి ఒకేసారి చందా కట్టే పథకం. దీని గురించి విన్నప్పుడు చాలా ఆశ పెట్టుకున్నాను. 2024 నవంబర్ 25న కేంద్ర కేబినెట్ ఒప్పుకుంది, 2025, 2026, 2027 మూడేళ్ళకి 6,000 కోట్లు, 30 మంది పెద్ద పబ్లిషర్లు, దాదాపు 13,000 జర్నళ్ళు. గాంధీనగర్‌లో ఉన్న ఇన్‌ఫ్లిబ్‌నెట్, యూనివర్సిటీ లైబ్రరీలని కలిపే యూజీసీ సంస్థ, దీన్ని నడుపుతుంది. 6,300కి పైగా ప్రభుత్వ విద్యా సంస్థలు, కేంద్ర రీసెర్చ్ సంస్థలు, మొత్తం 1.8 కోట్ల మంది విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకులకి అందుతుంది. ఇది చిన్న పని కాదు. ఇంతకుముందు ఐఐటీలు, పెద్ద సంస్థలు విడివిడిగా కొనుక్కునేవి, జిల్లాలో ఉన్న ప్రభుత్వ కాలేజీకి ఆ స్థోమత ఎక్కడిది. ఎచ్చెర్లలో అంబేద్కర్ యూనివర్సిటీ ఉంది, శ్రీకాకుళంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది, ఇలాంటి చోట్ల చదివే పిల్లలకి ఢిల్లీ పిల్లలకి దొరికే జర్నలే దొరకాలి అన్నది ఈ పథకం ఉద్దేశం, అది నాకు చాలా నచ్చింది. ప్రభుత్వ యూనివర్సిటీలో ఎంఎస్సీ చేస్తున్న మా ఫ్రెండ్ తమ్ముడు వాడి ల్యాప్‌టాప్‌లో చూపించాడు, నేను నెల రోజులుగా వెతుకుతున్న పేపర్ అలా తెరుచుకుంది. కళ్ళు చెమర్చాయి నాకు, నిజం చెప్తున్నా.

కానీ అది వాడికి తెరుచుకుంది, నాకు కాదు. ప్రైవేట్ ల్యాబ్ ఉద్యోగిని నేను, నాకు లేదు. మా పిన్ని కూతురు విజయనగరం దగ్గర ఒక ప్రైవేట్ ఫార్మసీ కాలేజీలో లెక్చరర్, తనకీ లేదు, మొదటి దశలో ప్రభుత్వ సంస్థలే. మన రెండు జిల్లాల్లో ఇంజనీరింగ్, ఫార్మసీ, నర్సింగ్ కాలేజీల్లో ప్రైవేట్‌వి ఎన్నో ఒక్కసారి లెక్కేసుకోండి, అక్కడ చదివే పిల్లలంతా కూలీల పిల్లలు, రైతుల పిల్లలు, ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివేవాళ్ళు. తను ప్రాజెక్టు గైడ్ చేసే అమ్మాయిలకి అబ్‌స్ట్రాక్ట్‌లు చూసి లిటరేచర్ రివ్యూ రాయమని చెప్పాల్సి వస్తోందట, "అన్నయ్యా, అలా రాయించడం నాకే తప్పుగా అనిపిస్తాది" అంది. ఇంకో సంగతి, ప్రభుత్వ మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్ కోర్సు అయిపోయి పీహెచ్‌సీకి పోస్టింగ్ వస్తే ఆ రోజుతో కాలేజీ లాగిన్ పోతుంది, విద్యా సంస్థల జాబితాలో పీహెచ్‌సీ ఉండదు కదా. చదువుకునేటప్పుడు ఉండి, పేషెంట్ ఎదురుగా కూర్చున్నప్పుడు లేకపోతే ఎలాగ? మాకు తెలిసిన ఒక పీహెచ్‌సీ డాక్టరమ్మ డయాలసిస్ పేషెంట్ల మందుల డోసుల కోసం నాలాగే పీఎంసీ మీదే ఆధారపడుతున్నారు.

లెక్క వేస్తే 6,000 కోట్లు మూడేళ్ళకి, అంటే ఏడాదికి 2,000 కోట్లు, 140 కోట్ల మందికి పంచుకుంటే తలకి 14 రూపాయలు. మనందరి పన్నుల్లోంచే వెళ్తుంది ఆ 14. కొన్నది మాత్రం 1.8 కోట్ల మందికి. అందరికీ ఒకేసారి ఇవ్వమంటే పబ్లిషర్లు రేటు పెంచుతారు, అది అర్థం చేసుకోగలను. కనీసం జిల్లా కేంద్ర గ్రంథాలయంలో రెండు కంప్యూటర్ల మీద ఇవ్వొచ్చు కదా. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్ మనం ఎప్పటినుంచో కడుతున్నాం. ఇప్పుడు ఆ గ్రంథాలయాల్లో పొద్దున్న నుంచి సాయంత్రం దాకా గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ చదివే పిల్లలు నిండిపోయి ఉంటారు, అంటే చదివేవాళ్ళు లేక కాదు. అక్కడికి వెళ్ళి ఆధార్ చూపించి ఒక గంట కూర్చుని పేపర్ చదువుకునే ఏర్పాటు ఉంటే పలాస నుంచి శ్రీకాకుళం బస్సెక్కి వెళ్తాను నేను, నెలకి రెండుసార్లయినా.

ఇంకొకరి లాగిన్ అడిగి వాడొచ్చు కదా అని కొందరు అన్నారు. అడగలేదు. ఆ పిల్లాడి అకౌంట్‌కి ఏమైనా అయితే వాడి చదువు పాడవుతుంది. అలాగే 2011లో కజకిస్తాన్ అమ్మాయి అలెగ్జాండ్రా ఎల్బాక్యాన్ పెట్టిన, తాళం వేసిన పేపర్లని పబ్లిషర్ల అనుమతి లేకుండా ఫ్రీగా ఇచ్చే సై-హబ్ సైట్ గురించి రీసెర్చ్ వాళ్ళందరికీ తెలుసు, దాని మీద ఢిల్లీ హైకోర్టులో 2020లో పబ్లిషర్లు కేసు వేసారు. ఆమె ఎందుకు పెట్టిందో ఆ బాధ నాకు పూర్తిగా అర్థమైంది, మూడు వేల తాళం ముందు కూర్చున్న ఎవరికైనా అర్థమవుతుంది. కానీ నేను వాడను, ల్యాబ్ సిస్టంలో వాడితే ల్యాబ్‌కి ఇబ్బంది, పైగా చట్టబద్ధమైన దారుల్లోనే నాకు కావలసినవి చాలా వరకు దొరికాయి.

ఆ దారుల్లో అన్నిటికన్నా బాగా పనిచేసింది అసలు సర్వీసే కాదు, ఈమెయిల్. అబ్‌స్ట్రాక్ట్ పేజీలో కరెస్పాండింగ్ ఆథర్ అని ఒకరి మెయిల్ ఐడీ ఉంటుంది. రచయిత తన పేపర్ కాపీని అడిగినవాళ్ళకి పంపించుకోవడం మామూలు పద్ధతే, పేపర్ రాసినందుకు జర్నల్ వాళ్ళకి డబ్బులేం ఇవ్వదు, రివ్యూ చేసినవాళ్ళకీ సాధారణంగా ఇవ్వదు, కాబట్టి మనం అడిగి తీసుకుంటే వాళ్ళకి నష్టం లేదు, ఎవరో చదువుతున్నారని సంతోషమే. నాలుగు లైన్లు రాస్తాను, నేను ఫలానా ల్యాబ్‌లో టెక్నీషియన్ని, మా ఏరియాలో ఈ జబ్బు ఉంది, మీ పేపర్ కొనలేను, పంపగలరా అని. ఇప్పటికి ఏడుగురికి రాసాను, ఐదుగురు పంపారు. ఒకాయన అయితే పేపర్‌తో పాటు మీ ల్యాబ్‌లో ఏ మెథడ్ వాడుతున్నారు అని తిరిగి అడిగారు, జాఫే నుంచి మారే ఆలోచన ఉందా అని. ఇంతవరకు మా ఓనర్ తప్ప ఎవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు.

ఫ్రీ అన్న ప్రతిదీ మంచిది అనుకోవద్దు. పేపర్ తెరిచి ఉంచాలంటే ఖర్చు ఎవరో ఒకరు పెట్టాలి, చదివేవాడు పెట్టకపోతే చాలా జర్నళ్ళలో రాసేవాడు పెడతాడు. నేచర్ లాంటి జర్నల్ ఓపెన్ చేయడానికి రచయిత దగ్గర 9,500 యూరోలు అని 2020లో ప్రకటించింది, మన దగ్గర ఒక చిన్న కాలేజీ ప్రొఫెసర్‌కి అది ఏడాది జీతం కావచ్చు. దీన్నే అవకాశం చేసుకుని, డబ్బు తీసుకుని చూడకుండా ఏదైనా అచ్చేసే దొంగ జర్నళ్ళు పుట్టుకొచ్చాయి. మన దేశంలోనే కొన్ని పుట్టాయి, సిగ్గుపడాల్సిన విషయం. పేరు తెలియని జర్నల్ అయితే డీఓఏజే అని 2003 నుంచి ఉన్న, ఫ్రీగా చదివే జర్నళ్ళ డైరెక్టరీలో ఉందో లేదో చూడండి, అది పూర్తి రక్షణ కాదు కానీ మొదటి జల్లెడ. మన దేశంలో మంచివి కూడా ఉన్నాయి, ఇండియన్ జర్నల్ ఆఫ్ నెఫ్రాలజీ, ఐసీఎంఆర్ వాళ్ళ ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్, ఇవి చదివేవాళ్ళకి ఫ్రీ. పీహెచ్‌డీ థీసిస్‌ల కోసం ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ళదే శోధ్‌గంగ ఉంది, అది మాత్రం అందరికీ తెరిచే ఉంది, లక్షల థీసిస్‌లు, ఆంధ్రా యూనివర్సిటీవి కూడా. మన జిల్లా నేలల మీద, నీళ్ళ మీద ఎవరైనా ఎప్పుడో చేసిన పని వెతకాలంటే జర్నల్ కన్నా ముందు అక్కడ చూడండి.

2014లో మన డీబీటీ, డీఎస్‌టీ (కేంద్రంలో బయోటెక్నాలజీ శాఖ, సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ) కూడా నియమం పెట్టాయి, వాళ్ళ డబ్బుతో చేసిన పేపర్ల కాపీలు అందరికీ తెరిచిన చోట పెట్టాలని. అమెరికా వాళ్ళలా దాన్ని గట్టిగా పట్టుకుని అమలు చేస్తే ఈ రివ్యూలో సగం బాధలు ఉండేవి కావు. తాళం తీయడం కుదరని పని కాదని కరోనా టైంలో అందరం చూసాం, 2020 జనవరిలోనే పెద్ద పబ్లిషర్లు సంతకాలు పెట్టి ఆ జబ్బు పేపర్లన్నీ తెరిచారు. వాళ్ళకి కూడా అది అవసరం అనిపించింది కాబట్టి తెరిచారు. ఉద్దానంలో ఒక మనిషి వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కి సోంపేటో పలాసో వెళ్ళి నాలుగు గంటలు పడుకుంటున్నాడంటే అది కూడా అవసరమే కదా.

రేటింగ్ అడిగితే పీఎంసీకి 5కి 5 ఇస్తాను, అందులో లేనివి ఉన్నా సరే. అన్‌పేవాల్‌కి 4.5, కంప్యూటర్ ఉన్నవాళ్ళు తప్పకుండా పెట్టుకోండి. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ లోపల ఉన్నవాళ్ళకి 5, నాలాంటి వాడికి ఇచ్చే నంబర్ లేదు, గేటు బయట నిల్చుని హోటల్‌కి రేటింగ్ ఇవ్వలేను కదా. మీ కాలేజీ ప్రభుత్వానిది అయితే మీ లైబ్రేరియన్‌ని రేపే అడగండి, ఇంటి నుంచి లాగిన్ అయ్యే ఏర్పాటు కూడా ఉంది, చాలామంది పిల్లలకి తమకి ఇది ఉందనే తెలీదు.

పోయిన ఆదివారం 2020 పేపర్‌లో ముఖ్యమైన నాలుగు పేజీలు ప్రింట్ తీసి కవిటి పట్టుకెళ్ళాను. అరుగు మీద కూర్చుని ఒక్కో పట్టిక తెలుగులో చెప్పాను. మావయ్య మధ్యలో ఆపి "ఇందులో మన ఊరోళ్ళని కూడా సూసినారేట్రా?" అని అడిగాడు. చుట్టుపక్కల ఊళ్ళు చూసారు మావా అన్నాను. "మరి నీల్ల గురించి ఏటి తేల్చినారు?" అన్నాడు, ఇంకా తేల్చలేదు అని చెప్పాను, అలా చెప్పడానికే నాలుగు పేజీలు రాసినారా అని కాసేపు ఆలోచించి, "అయితే ఇంకా సూత్తన్నారన్నమాట, సూడనీ" అని ఆ కాయితాలు తన ల్యాబ్ రిపోర్టులు పెట్టుకునే ప్లాస్టిక్ కవర్లో, పైన పెట్టుకున్నాడు. నీళ్ళ మీద ఇంకో పేపర్ దొరికింది, అది బూడిద తాళం, మంగళవారం రచయితకి మెయిల్ పెట్టాను, జవాబు ఇంకా రాలేదు.